తడవని చీటీకి చవక డబ్బా

జియోకాషింగ్ ఆటలో ఒకరు చిన్న డబ్బాను ఆరుబయట ఎక్కడో దాచి, ఆ చోటి అక్షాంశ రేఖాంశాలను వెబ్‌సైటులో పెడతారు. మిగతావాళ్లు ఫోన్‌లోని జీపీఎస్ సాయంతో అక్కడికి చేరి, డబ్బాను వెతికి పట్టుకుని, లోపలి చీటీ మీద పేరు, తేదీ రాసి, మళ్లీ ఉన్నచోటే పెట్టి వెళతారు. ప్రపంచమంతటా ఇలాంటి డబ్బాలు 30 లక్షలకు పైగా ఉన్నాయి. వీటిలో ఖరీదైన సరుకేమీ ఉండదు. ఒక డబ్బా, ఒక చీటీ, చోటుంటే ఒక పెన్సిలు ముక్క. అయినా ఆటగాళ్లను ఎక్కువగా విసిగించేది ఆ చీటీయే. గట్టిగా బిగించిన మూత తీస్తే లోపల ముద్దయిన కాగితం, అలుక్కుపోయిన సిరా, బూజు వాసన. డబ్బాకు చిల్లు లేదు, పగులూ లేదు. మరి నీళ్లెలా వచ్చాయి?

ఆ సంగతి తెలిస్తే డబ్బాకు డబ్బు పెట్టే అవసరం చాలావరకు తప్పుతుంది. పనికొచ్చే డబ్బాలు మందుల అల్మరాలోనూ చెత్తబుట్టలోనూ ఉంటాయి. ఏది పనికొస్తుందో, ఏది రాదో గుర్తుపట్టడమే అసలు విద్య.

బకెట్టు నుంచి రీలు డబ్బా దాకా

2000 మే నెల వచ్చేదాకా మామూలు జనం వాడే జీపీఎస్ సంకేతాన్ని అమెరికా సైన్యం కావాలనే కొంత చెడగొట్టి పంపేది. దాంతో చూపించే చోటుకూ అసలు చోటుకూ వంద మీటర్ల దాకా తేడా వచ్చేది. అధ్యక్షుడు బిల్ క్లింటన్ ఆదేశంతో ఆ కల్తీ ఆగిపోయింది. వెంటనే, మే 3న, ఆరెగన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్ దగ్గర బీవర్‌క్రీక్ అనే ఊళ్లో డేవ్ ఉల్మర్ ఒక నల్ల ప్లాస్టిక్ బకెట్టును దాచి, దాని అక్షాంశ రేఖాంశాలను ఇంటర్నెట్లో ప్రకటించాడు. అందులో ఒక పుస్తకం, పెన్సిలు, కొన్ని చిల్లర వస్తువులు, ఒక చిక్కుడుగింజల డబ్బా ఉన్నాయి. అదే ఏడాది సెప్టెంబరులో జెరెమీ ఐరిష్ ఈ ఆటకు వెబ్‌సైటు ప్రారంభించాక ఆట మరింతమందికి చేరింది.

అడవిలో బకెట్టు దాగుతుంది, ఊళ్లో దాగదు. పార్కు కమ్మీ వెనక, బెంచీ కింద, మైలురాయి పక్కన పట్టాలంటే డబ్బా బొటనవేలంత ఉండాలి. ఆట నియమాల ప్రకారం 100 మిల్లీలీటర్ల లోపు డబ్బా ‘మైక్రో’, అక్కడి నుంచి లీటరు దాకా ‘స్మాల్’. వేలిగోరంత ఉండే వాటిని ఆటగాళ్లు ‘నానో’ అంటారు. ఈ వ్యాసం ముఖ్యంగా మైక్రో డబ్బాల గురించే. డబ్బా ఎంత చిన్నదైతే తడి సమస్య అంత పెద్దది కూడా.

మొదటి దశాబ్దంలో ఈ పనికి అందరూ వాడింది కెమెరా రీలు డబ్బా. ఫొటో స్టూడియోలో అడిగితే సంచీ నిండా ఊరికే ఇచ్చేవారు. డిజిటల్ కెమెరాలు వచ్చాక రీళ్లు పోయాయి, వాటితో ఊరికే దొరికే డబ్బాలూ పోయాయి. ఇప్పుడు వాటిని కొనుక్కునేవారున్నారు. నిజానికి ఊరికే దొరికిన రోజుల్లో కూడా అది అంత మంచి డబ్బా కాదు. దుకాణంలో, సూట్‌కేసులో కొన్ని నెలలు రీలును దుమ్ము నుంచి, తేమ నుంచి కాపాడటానికి చేసిన వస్తువది. ఎండావానల్లో ఏళ్ల తరబడి ఉండాలని ఎవరూ అనుకోలేదు. దాని మూత మెత్తటి ప్లాస్టిక్, డబ్బా అంచు గట్టి ప్లాస్టిక్. మూత సాగి అంచును పట్టుకుని ఉన్నంతకాలం లోపల భద్రం. ఎండలో పదేపదే వేడెక్కిన మెత్తటి మూత ఆ సాగిన ఆకారంలోనే ఉండిపోతుంది, పట్టు సడలుతుంది. మూత అంచు మీదుగా బయటికి కూర్చునే రకం కంటే, మూతి లోపలికి దిగే రకం గాలిని బాగా ఆపుతుంది. బడిపిల్లలు సోడా ఉప్పు, వెనిగరు పోసి ఎగరేసే రీలు డబ్బా రాకెట్లకు లోపలికి దిగే మూతనే ఎంచుకోవడానికి కారణం అదే.

డబ్బా ఊపిరి తీస్తుంది

వేడి వేడి అన్నం పెట్టి మూత నొక్కిన స్టీలు టిఫిన్ బాక్సు చల్లారాక తెరవడానికి ఎంత తంటా పడాలో ప్రతి ఇంట్లోనూ తెలుసు. లోపలి ఆవిరి నీరైపోతుంది, గాలి చల్లబడి పీడనం తగ్గుతుంది, బయటి గాలి మూతను లోపలికి నొక్కిపెడుతుంది. దాచిన డబ్బాలోనూ రోజూ జరిగేది ఇదే, తక్కువ మోతాదులో.

పగటి ఎండకు డబ్బాలోని గాలి వేడెక్కి వ్యాకోచిస్తుంది. మూత ఎంత గట్టిదైనా, సందు వెంట్రుకవాసి ఉన్నా, కొంత గాలి బయటికి పోతుంది. సాయంత్రం చల్లబడగానే లోపల పీడనం తగ్గుతుంది. పోయినంత గాలిని డబ్బా మళ్లీ లోపలికి పీల్చుకోవాలి. ఆ సమయంలో మూత సందు దగ్గర పొడి గాలి ఉంటే పెద్ద నష్టం లేదు. అక్కడ మంచు బిందువో వాన చుక్కో నిలిచి ఉంటేనే చిక్కు. అప్పుడు డబ్బా గాలికి బదులు ఆ నీటిని పీలుస్తుంది. ఇరుకు సందుల్లోకి నీరు తనంతట తానే ఎగబాకే గుణం దీనికి తోడవుతుంది. మర్నాడు ఎండ కాసినప్పుడు ఆ నీరంతా తిరిగి బయటికి పోదు. కాగితం తాగేస్తుంది. రాత్రికి మళ్లీ కొత్త గుక్క.

అన్నిటికంటే చెడ్డది వేసవి సాయంత్రపు జడివాన. రోజంతా ఎండలో కాలిన డబ్బా మీద చల్లని నీరు ఒక్కసారిగా పడుతుంది. పీడనం పడిపోయే క్షణంలోనే సందంతా తడిగా ఉంటుంది. నెలంతా సన్నగా కురిసిన ముసురుకు తట్టుకున్న డబ్బా ఇలాంటి ఒక్క వానకు లోపల తడవడం వింత కాదు.

> లెక్కలో చూస్తే
>
> 30 మిల్లీలీటర్ల డబ్బా ఎండలో 60 డిగ్రీల సెల్సియస్‌కు చేరిందనుకుందాం. వానకు అది 25 డిగ్రీలకు దిగితే లోపలి పీడనం సుమారు పదో వంతు పడిపోతుంది. డబ్బాను మీటరు లోతు నీళ్లలో ముంచితే మూత మీద ఎంత ఒత్తిడి పడుతుందో అంత ఇది. సందు ఉంటే డబ్బా పీల్చుకోగలిగేది దాదాపు 3 మిల్లీలీటర్లు.
>
> ఆ పీల్చినది గాలే అయితే, 25 డిగ్రీల దగ్గర నూటికి నూరుపాళ్లు తేమ ఉన్న గాలైనా సరే, దాంతో వచ్చే నీరు మిల్లీగ్రాములో పదోవంతు కూడా ఉండదు. పీల్చినది నీరే అయితే 3,000 మిల్లీగ్రాములు. తేడా నలభై వేల రెట్ల పైమాటే. అందుకే గాలిలోని తేమకు భయపడటం కంటే మూత సందు దగ్గర నీరు నిలవకుండా చూసుకోవడం ముఖ్యం.

ఈ లెక్క నుంచి పైసా ఖర్చు లేని ఉపాయం ఒకటి బయటపడుతుంది. డబ్బాను ఎలా నిలబెట్టామన్నది కూడా డబ్బా నాణ్యతలో భాగమే. సోడా సీసా మూతలాగా అంచు కిందికి దిగి ఉండే మర మూత అయితే మూత పైకి ఉండాలి. నీరు ఆ అంచు మీదుగా జారి కింద పడుతుంది. దాన్నే తలకిందులుగా వేలాడదీస్తే మూత అంచు, సీసా మెడ మధ్య ఖాళీ చిన్న గిన్నెలా మారి నీరు పడుతుంది. మూతిలోకి దిగే రీలు డబ్బా మూత దీనికి పూర్తిగా వ్యతిరేకం. పైకి పెడితే గుంటలాంటి మూత మీద నీరు నిలుస్తుంది కాబట్టి, దాన్ని పక్కకు పడుకోబెట్టడమో బోర్లించడమో మేలు.

దేన్ని కాపాడటానికి చేశారు?

చవక డబ్బా ఎంచుకోవడానికి ఒక్క ప్రశ్న చాలు: ఈ వస్తువును మొదట దేన్ని కాపాడటానికి చేశారు? తడి తగిలితే పాడైపోయే సరుకు కోసం చేసినదైతే దాని మూత మీద ఎవరో ఇంజనీరు ముందే కష్టపడి ఉంటాడు. ఆ కష్టం సరుకు అయిపోయాక ఊరికే దొరుకుతుంది. సరుకు కింద పోకుండా పట్టుకోవడానికి మాత్రమే చేసినదైతే అందం ఎంత ఉన్నా వానకు పనికిరాదు.

షుగరు పరీక్ష స్ట్రిప్పుల డబ్బీ ఈ లెక్కలో అగ్రగణ్యం. స్ట్రిప్పు మీది ఎంజైము పొర తేమ తగిలితే తప్పుడు అంకె చూపిస్తుంది, దాన్ని బట్టి రోగి తప్పుడు మోతాదు వేసుకునే ప్రమాదం ఉంది. అందుకే ఈ డబ్బీ లోపలి గోడలోనే తేమను పీల్చే పదార్థాన్ని కలిపి పోతపోస్తారు. మూత నొక్కితే టక్కుమని పడి అంచు చుట్టూ సమంగా కూర్చుంటుంది. ఇంటికొకరు చక్కెర వ్యాధితో ఉన్న ఈ రోజుల్లో తెలుగునాట వీటికి కొదవ లేదు. లోపలి గోడ తేమను పీల్చే శక్తి తెరిచి మూసిన కొద్దీ అయిపోతుంది, ఆ ప్లాస్టిక్‌ను కాల్చి దాన్ని తిరిగి తెప్పించలేం. మిగిలేది మూత పట్టే. అదే కావలసింది కూడా. రక్తం అంటిన వేళ్లు తాకిన డబ్బీ కనుక సబ్బు నీళ్లతో బాగా కడిగి, పూర్తిగా ఆరబెట్టి, లేబులు పీకేసి వాడాలి. వాడిన స్ట్రిప్పు ఒక్కటి కూడా లోపల మిగలకూడదు. దీని బలహీనత మూతకూ డబ్బీకీ మధ్య ఉన్న పలుచటి మడత. ఎండకు ముందు విరిగేది అదే.

నీళ్లలో వేస్తే బుసబుసమని పొంగి కరిగే విటమిన్ మాత్రల గొట్టం ఇంకో మంచి సరుకు. ఆ మాత్రలో పుల్లటి ఆమ్లం, సోడా ఉప్పు పొడిగా పక్కపక్కనే ఉంటాయి. ఒక్క చుక్క నీరు చేరినా రెండూ కలిసి పొంగిపోతాయి, మాత్రలన్నీ పాడవుతాయి. కాబట్టి మూతను బిరడాలాగా లోతుగా దిగేట్టు చేసి, ఆ బిరడాలోనే తేమ పీల్చే గుళికలు నింపుతారు. గొట్టం పొడవు ఎక్కువ కాబట్టి చీటీతోపాటు పెన్సిలు కూడా పడుతుంది. యూరప్ ఆటగాళ్లకు ఇది బాగా అలవాటైన డబ్బా.

వీటన్నిటికీ మించింది సోడా సీసా ప్రీఫామ్. శీతల పానీయాల సీసాలను కంపెనీలు నేరుగా సీసా ఆకారంలో పోతపోయవు. ముందు బొటనవేలు లావున, దళసరి గోడతో, మెడ, మరలు సిద్ధంగా ఉన్న ఒక గొట్టాన్ని పోతపోస్తారు. దాన్ని వేడిచేసి లోపలికి గాలి ఊదితే అది ఉబ్బి సీసా అవుతుంది. ఊదకముందు ఉన్న ఆ గొట్టమే ప్రీఫామ్. ఊదిన సీసా గోడ కాగితంలా పలచబడితే, ప్రీఫామ్ గోడ మూడు నాలుగు మిల్లీమీటర్ల మందం ఉంటుంది. కాలి కింద పడినా పగలదు. గ్యాసు నింపిన పానీయం లోపలి నుంచి తోసే ఒత్తిడి, బయటి గాలి ఒత్తిడికి మూడు నాలుగు రెట్లు. దాన్ని నెలల తరబడి ఆపడానికి చేసిన మూతకు జడివాన తెచ్చే పదో వంతు తేడా ఒక లెక్క కాదు. మంచినీళ్ల సీసా మూతలు పలచన, వాటి మరలు పొట్టి. సోడా మూతే దానికంటే నమ్మదగింది. ప్రీఫామ్‌లు సీసాలు ఊదే చిన్న పరిశ్రమల్లో పెద్ద మొత్తంలో ఉంటాయి. అమెరికాలో సైన్సు ప్రయోగాల పిల్లల కిట్లలో వీటినే పరీక్ష నాళికలుగా అమ్ముతారు.

ల్యాబు సామాను అమ్మే దుకాణాల్లో దొరికే మర మూత ప్లాస్టిక్ గొట్టాలు కూడా ఈ కోవలోవే. యంత్రంలో గిర్రున తిప్పినా ద్రవం కారకూడదని చేసినవి కాబట్టి మూతలు గట్టిగా ఉంటాయి. ఒక్కొక్కటీ విడిగా కొన్నా జేబుకు బరువు కాదు.

ఇక మోసం చేసే డబ్బాలు. అమెరికాలో మందుల షాపువాళ్లు మాత్రలు పోసి ఇచ్చే కాషాయం రంగు సీసా అక్కడి తెలుగిళ్లలో డజన్ల కొద్దీ పోగవుతుంది. నొక్కి తిప్పితే గాని రాని ఆ మూత పిల్లలు తెరవకుండా చేసింది, నీటిని ఆపడానికి కాదు. రంగు వెలుతురును ఆపుతుంది, సందు నీటిని రానిస్తుంది. పిప్పరమెంట్ల రేకు డబ్బా మూత ఊరికే ఆనుకుని ఉంటుంది, పైగా తుప్పు పడుతుంది. హోమియో గోళీల ప్లాస్టిక్ డబ్బీల్లో మంచివీ చెడ్డవీ రెండూ ఉన్నాయి, దేనికది పరీక్షించి చూసుకోవాలి. గాజు ఏ రూపంలోనూ వద్దు. తినే వస్తువుల వాసన వదలని డబ్బా అసలే వద్దు. ఉడతలకు, కుక్కలకు, ఎలుకలకు జీపీఎస్ అక్కర్లేదు.

డబ్బా అడుగున త్రికోణంలో ఉండే అంకె కూడా చూసుకోవాలి. 1 అంటే సోడా సీసా ప్లాస్టిక్, ఎండకు బాగానే ఓర్చుకుంటుంది. 2, 5 అంకెలవి నీటిని చక్కగా ఆపుతాయి కానీ రంగు కలపనివి ఎండకు పెళుసెక్కుతాయి. 5 అంకెది గడ్డకట్టే చలికి కూడా పెళుసవుతుంది. 6 అంకె ఉన్నది కింద పడితే చిట్లుతుంది. ఏ ప్లాస్టిక్ అయినా మసి కలిపిన నల్ల రకం ఎండకు ఎక్కువ కాలం నిలుస్తుంది. మసి అతినీల కిరణాలను తానే మింగేస్తుంది.

సడలిన పట్టును పెంచడం

మర మూత ఉండీ కారే డబ్బాను పారేయక్కర్లేదు. మూత లోపల రబ్బరు వలయం, అంటే ఓ-రింగు వేస్తే చాలాసార్లు సరిపోతుంది. కుళాయిల సామాను అమ్మే శానిటరీ షాపులో రకరకాల సైజులు దొరుకుతాయి. వలయం ఊరికే ఉంటే పని చేయదు. మూత బిగించినప్పుడు దాని మందంలో నాలుగో వంతో అయిదో వంతో నలగాలి. నలిగిన రబ్బరు తిరిగి ఉబ్బాలని చూస్తూ రెండు అంచుల గరుకునూ పూడుస్తుంది. మరీ నలిపితే శాశ్వతంగా చదునై పట్టు పోతుంది. వలయానికి కొద్దిగా సిలికోన్ గ్రీజు రాస్తే మూత తేలిగ్గా తిరుగుతుంది, ఇసుక రేణువు చేసే హానీ తగ్గుతుంది. ఇంట్లో ఉంది కదా అని పెట్రోలియం జెల్లీ రాస్తే కొన్ని రకాల రబ్బరు, ముఖ్యంగా సహజ రబ్బరు, ఉబ్బి చెడిపోతుంది.

పాత సైకిల్ ట్యూబును అడ్డంగా కోసి మూతకూ డబ్బాకూ కలిపి తొడుగులా తొడిగితే సందు మీద వాన నేరుగా పడదు. ఆ నల్ల రబ్బరులో మసి ఉంటుంది కాబట్టి ఎండకూ ఓర్చుకుంటుంది. పంక్చరు షాపులో ఇంతకంటే చవకైన సరుకు లేదు.

చీటీలోనే దాగిన తేమ

మూత పూర్తిగా గట్టిగా ఉన్నా కొన్ని డబ్బాల లోపలి గోడ మీద నీటి బిందువులు కనిపిస్తాయి. ఇక్కడ దొంగ బయటివాడు కాదు. మామూలు కాగితం వానాకాలపు గాలిలో తన బరువులో వందకు ఎనిమిది పది వంతుల నీటిని పట్టి ఉంచుతుంది. ఒక గ్రాము కాగితంలో, అంటే ఏ-ఫోర్ పేజీలో అయిదో వంతులో, వంద మిల్లీగ్రాముల నీరు ఉండవచ్చు. అంటే రెండు చుక్కలు. 30 మిల్లీలీటర్ల డబ్బాలో మూసిన ఉక్కపోత గాలిలో ఉండే నీరు ఒక మిల్లీగ్రాము కూడా లేదు. పగటి వేడికి కాగితం ఆ నీటిని ఆవిరిగా వదులుతుంది, రాత్రి చల్లబడ్డ గోడకు అది బిందువులై అంటుకుంటుంది. కాబట్టి చీటీని చుట్టి పెట్టే ముందు ఒకసారి ఇస్త్రీ చేసి, కాగితం వెచ్చగా ఉండగానే డబ్బాలో పెట్టి మూత బిగించాలి. ఏసీ గదిలో చేస్తే ఇంకా మంచిది.

కాగితం మార్చడం మరో మార్గం. 1916లో అమెరికా వాయవ్య ప్రాంతంలో జెర్రీ డార్లింగ్ అనే ఆయన అక్కడి తడి అడవుల్లో కలప పని చేసేవారి కోసం వాన నీటికి తడవని కాగితం తయారు చేశాడు. ‘రైట్ ఇన్ ద రైన్’ పేరుతో అది నేటికీ అమ్ముడవుతోంది. ఇష్టంగా వాడేవారు చాలామంది ఉన్నా చవక మాత్రం కాదు. దానికి బదులు చిరగని కొరియరు కవర్లు చూడాలి. వాటిలో కొన్ని టైవెక్‌తో చేసినవి. ఇది సన్నని ప్లాస్టిక్ పోగులను వేడితో అతికించిన తాను. చూడటానికి కాగితమే కానీ నీటిని పీల్చదు, చేత్తో చింపలేం, పెన్సిలూ బాల్‌పెన్నూ రెండూ రాస్తాయి. ఇంటికి వచ్చిన కవరును సన్నని పట్టీలుగా కోస్తే ఎన్నో డబ్బాలకు సరిపోతుంది.

రాసే వస్తువుల్లో పెన్సిలును మించింది లేదు. పెన్సిలు గీత అంటే కాగితం మీద అంటుకున్న గ్రాఫైట్ పొరలు. అవి నీటిలో కరగవు. బాల్‌పెన్ను సిరాలో నూనె ఉంటుంది కనుక కొంత నయం. జెల్ పెన్ను సిరా చాలావరకు నీటితో చేసింది, కొన్ని రకాలు మొదటి తడికే అలుక్కుపోతాయి.

బంగారం షాపుల్లో చెవిపోగులు వేసి ఇచ్చే చిన్న జిప్ కవర్లో చీటీని పెట్టే అలవాటు చాలామందికి ఉంది. మంచి డబ్బాలో దాని అవసరం లేదు. చెడ్డ డబ్బాలో అది కొన్ని వారాలు కాపాడి, ఒకసారి లోపలికి నీరు చేరాక ఆరనివ్వకుండా కాగితాన్ని ఊరబెడుతుంది.

చెప్పుల పెట్టెల్లో, మందుల సీసాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాల సంగతీ ఇంతే. ఆ గుళికల్లో కంటికి కనపడని రంధ్రాలు కోట్ల కొద్దీ ఉంటాయి. నీటి ఆవిరి వాటి గోడలకు అంటుకుంటుంది. ఒక గ్రాము జెల్ ఉక్కపోత గాలిలో 200 నుంచి 300 మిల్లీగ్రాముల నీటిని పట్టుకోగలదు. అంటే మూత గట్టి డబ్బాలో కాగితపు తేమను మింగేస్తుంది. కారే డబ్బాలో ఒక్క గుక్క నీటికే నిండిపోయి, ఆపైన తడి గుళికల మూటగా మిగులుతుంది. వాడిన గుళికలను కవరు నుంచి తీసి 120 డిగ్రీల దగ్గర ఓవెన్లో కాసేపు ఉంచితే మళ్లీ పనికొస్తాయి. నీలం రంగు గుళికల్లో కోబాల్ట్ లవణం ఉంటుంది, అది విషం. పిల్లలు తెరిచే డబ్బాలో అవి ఉండకూడదు.

అంటించడం, దాచడం

ఇనప కమ్మీకి డబ్బాను పట్టి ఉంచడానికి అయస్కాంతం వాడతారు. పాత హార్డ్ డిస్కులో దొరికే నియోడిమియం అయస్కాంతం చాలా బలమైంది, కానీ దాంట్లో సింహభాగం ఇనుమే. పైన వేసిన నికెల్ పూత ఒక్కచోట లేచినా తుప్పు లోపలికంటా పాకి అయస్కాంతం పొడిపొడి అవుతుంది. పాత స్పీకరులోని నల్లటి ఫెర్రైట్ అయస్కాంతం బలంలో తక్కువే కానీ అది ముందే ఆక్సైడు కనుక తుప్పు పట్టేదేమీ లేదు. ఆరుబయట అదే మేలు. ఏదైనా సరే ఇనుముకు ఎంత దగ్గరగా ఉంటే అంత పట్టు. మధ్యలో డబ్బా గోడ అడ్డం వస్తే బలం చప్పున పడిపోతుంది.

అప్పటికప్పుడు అతుక్కునే జిగురుతో 2, 5 అంకెల ప్లాస్టిక్‌కు అయస్కాంతం అంటిస్తే నెల తిరగకుండా ఊడి చేతికి వస్తుంది. ఆ ప్లాస్టిక్ ఉపరితలం ద్రవాలను తన మీద పరుచుకోనివ్వదు, జిగురూ రంగూ బొట్లుబొట్లుగా నిలుస్తాయి. గరుకు కాగితంతో బాగా రుద్దితే కొంత పట్టు దొరుకుతుంది. జిగురు మానేసి, సైకిల్ ట్యూబు ముక్కతోనో ప్లాస్టిక్ టైతోనో బిగించడం ఇంకా నమ్మకం.

రంగు వేసేవారు ఒక విషయం మర్చిపోతుంటారు. డబ్బా దాగాలని ముదురు రంగు పూస్తే అది ఎండలో మరింత వేడెక్కుతుంది. వేడి పెరిగితే గుక్క పెరుగుతుంది. ముదురు డబ్బాను నీడన పెట్టాలి. ఎండలోనే పెట్టక తప్పదంటే మట్టి రంగో లేత బూడిద రంగో వేయాలి.

వంటింట్లో పరీక్ష

డబ్బాను దాచకముందే దాని సత్తా తేల్చవచ్చు. లోపల పొడి టిష్యూ కాగితం కుక్కి మూత బిగించాలి. స్నానానికి వాడేదానికంటే కొంచెం వేడిగా, చేయి పెట్టి ఉంచలేనంత వేడి నీళ్లలో డబ్బాను గరిటెతో ముంచి పట్టుకోవాలి. మూత చుట్టూ బుడగలు వరసగా వస్తే సందు ఎక్కడుందో అక్కడే తెలిసిపోతుంది. పది నిమిషాలయ్యాక తీసి, వెంటనే ఐసు ముక్కలు వేసిన నీళ్లలో అరగంట ముంచి ఉంచాలి. ఆ చల్లటి నీళ్లలో ముందే బట్టలకు పెట్టే నీలిమందు నాలుగు చుక్కలు కలపాలి. బయటికి తీసి, పైతడి బాగా తుడిచి, మూత తెరవాలి. టిష్యూ మీద నీలి మరక ఉంటే ఆ డబ్బా పనికిరాదు. మరక ఎక్కడ పడిందో చూస్తే వలయం లోపమో, మడత దగ్గరి పగులో అర్థమవుతుంది. ఇక్కడ వచ్చే ఉష్ణోగ్రత తేడా ఆరుబయట మామూలుగా ఎదురయ్యేదానికంటే ఎక్కువ. కాబట్టి దీన్ని దాటిన డబ్బాకు వాన ఒక పరీక్ష కాదు. కొత్తగా కొన్నదానికీ, చెత్తబుట్టలో ఏరుకున్నదానికీ ఈ పరీక్ష తప్పనిసరి. ధర చూసి మూతను నమ్మకూడదు.

అనుమానం రాకుండా

చవక సామానులో ఒకదాన్ని మాత్రం పూర్తిగా మానుకోవాలి: రెండు పక్కలా మూతలు బిగించిన పీవీసీ గొట్టం. నీటిని అద్భుతంగా ఆపుతుంది, కానీ చూసినవారికి బాంబులా కనిపిస్తుంది. 2011లో ఇంగ్లండ్‌లోని వెదర్‌బీ పట్టణంలో ఈ ఆట కోసం దాచిన చిన్న ప్లాస్టిక్ పెట్టెను కూడా ఎవరో చూసి అనుమానించడంతో వీధి ఖాళీ చేయించి, సైన్యం వచ్చి దాన్ని పేల్చివేసింది. ఎవరూ తీసుకెళ్లని వస్తువు కనబడితే తాకవద్దని రైల్వే స్టేషన్లలో రోజంతా మైకు చెబుతూనే ఉండే మన దేశంలో ఈ జాగ్రత్త రెండింతలు అవసరం. స్టేషన్లు, బస్టాండ్లు, గుళ్లు, ప్రభుత్వ కార్యాలయాలు, వంతెనల దరిదాపుల్లో డబ్బా పెట్టే ఆలోచనే వద్దు. ప్రీఫామ్‌లాగా లోపల ఏముందో బయటికే కనపడే డబ్బాకు ఇక్కడ ఇంకో లాభం ఉంది. దాని మీద ఆట పేరు చెరగని సిరాతో రాసి, లోపల ఇదేమిటో తెలిపే రెండు వాక్యాలు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ పెట్టాలి.

స్థలం యజమాని అనుమతి లేకుండా డబ్బా పెట్టడం, నేల తవ్వి పాతడం నియమాలు ఒప్పుకోవు. రెండు డబ్బాల మధ్య కనీసం 161 మీటర్ల దూరం ఉండాలి. దాచినవారు వానాకాలం ముందు ఒకసారి, తర్వాత ఒకసారి వెళ్లి చీటీ, వలయం, మూత మడత చూసుకోవాలి. ఆట మానుకున్నవారు డబ్బాను ఇంటికి తెచ్చేసుకుని, వెబ్‌సైటు జాబితాలోంచి దాన్ని తీసివేయాలి.